బతికున్న అవ్వ

పంపమ్మ పోయిందని పరామర్శకు మనుషులు వచ్చిన రోజు పంపమ్మ ఇంట్లోనే ఉంది. తన గదిలో మంచం అంచున కూర్చుని, జొన్నరొట్టె తుంచి పుంటికూరలో అద్ది మనవడి నోట్లో పెడుతోంది. పద్నాలుగేళ్ల సూగురేశ్ రెండు చేతులా ఫోను పట్టుకుని, చెవుల్లో తీగలు పెట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. ముద్ద పెదవికి తగిలితే నోరు తెరుస్తాడు. నమలడం, మింగడం వాటంతట అవే జరిగిపోతాయి. చూపు మాత్రం ఫోను మీద నుంచి కదలదు.

పక్క గదిలో ఆమె కొడుకు ప్రాణేశ్ నిద్రపోతున్నాడు. శక్తినగర్ కరెంటు ప్లాంటులో ఆపరేటరు, కాపురం ప్లాంటు క్వార్టర్లలోనే. ఆ రెండు వారాలూ రాత్రి షిఫ్టు. పొద్దున కంపెనీ బస్సు దిగి, స్నానం చేసి, ఇంత ఉప్మా తిని పడుకున్నాడంటే మళ్లీ మూడింటి దాకా లేవడు. కోడలు సుమంగళ రాయచూరులో ఒక నర్సింగ్‌హోంలో నర్సు. ఎనిమిదింటికే వెళ్లిపోయింది. వాళ్లిద్దరికీ తెలిసినంతలో సూగురేశ్ ఈ సరికి బడిలో ఉన్నాడు.

నిజానికి పిల్లవాడు బడికి పోక అది తొమ్మిదో రోజు. ఆ సంగతి తెలిసింది పంపమ్మ ఒక్కదానికే. ఆమెకు తెలిసింది కూడా సగమేనని ఇంకాసేపట్లో తేలబోతోంది.

అసలు ఆ ఇంట్లోకి ఫోను వచ్చింది కరోనా వచ్చిన ఏడాది. బడులు మూసి, పాఠాలు ఫోన్లలో చెప్పడం మొదలుపెట్టినప్పుడు పిల్లవాడికని కొన్నారు. షిఫ్టు మనిషి ఉన్న ఇంట్లో పగలు కూడా రాత్రి మాదిరే ఉండాలి. ప్రాణేశ్ నిద్ర చెడుతుందని కాలింగ్ బెల్లు తీగ పీకేశారు. పగటిపూట కుక్కరు పెట్టరు, టీవీ వెయ్యరు. అప్పటికి సూగురేశ్‌కు పదకొండేళ్లు. బయటికి పంపడానికి లేదు, ఇంట్లో బంతి కొడితే తండ్రి లేచి కేకలు. పాఠాలు అయిపోయాక ఆ ఫోనే పట్టుకుని ఓ మూల కూర్చోవడం నేర్చుకున్నాడు. పిల్లవాడు సడి చెయ్యడం లేదని అందరికంటే ముందు మురిసిపోయింది పంపమ్మే.

"సూడు సుమంగళా, ఎంత బుద్ధిగ కూసున్నడో. మనిషున్నట్టే లేదు," అంది ఒకనాడు. ఆ మాట ఆ తర్వాత ఆమెకు ఎన్నిసార్లు గుర్తొచ్చిందో చెప్పలేం.

బడులు తెరిచారు. ఫోను మాత్రం పిల్లవాడి చేతిలోంచి రాలేదు. అదేదో తుపాకుల ఆట. విమానంలోంచి ఒక దీవి మీద దూకుతారట, నలుగురు కలిసి ఒక జట్టట. ఆ నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసినవాళ్లు కాదు. ఒకడిది నాందేడ్, ఒకడిది కడప. సూగురేశ్ వాళ్లకు పెద్ద. "ఎడమకు రా, గోడ ఎనక దాక్కో" అని వీడు ఉర్దూలో హుకుం వేస్తే పద్దెనిమిదేళ్లవాళ్లు కూడా వింటారని అవ్వకు గొప్పగా చెప్పేవాడు. ఆమెకూ అది గొప్పగానే ఉండేది. ఎనిమిదో తరగతిలో మూడు సబ్జెక్టులు పోయాయి. ప్రాణేశ్ బెల్టు తీశాడు. ఫోను బీరువాలో పెట్టి తాళం వేశాడు. అంతటితో అయిపోయిందనుకున్నాడు.

అప్పటినుంచి పిల్లవాడి కన్ను అవ్వ ఫోను మీద పడింది. అది హుబ్బళ్లిలో ఉన్న కూతురు, అమ్మ ముఖం చూస్తూ మాట్లాడొచ్చని కొనిచ్చినది. "అవ్వా, అయిదే నిమిషాలు" అంటాడు. అయిదు నిమిషాలు పూటలయ్యాయి. అమ్మ ఫోను ఎత్తడం లేదని కూతురు బేజారయ్యేది. "చార్జింగు నిలుస్తలేదమ్మా," అని పంపమ్మ అబద్ధమాడింది.

దసరా సెలవులు అయిపోయాక మరీ పెచ్చుమీరింది. పొద్దున టై కట్టుకుని, సంచి తగిలించుకుని బయటికి పోతాడు. వాళ్లమ్మ ఎక్కిన బస్సు మలుపు తిరిగిందాకా క్వార్టర్ల వెనక ఆగి, తర్వాత వెనక తలుపు మీద గోటితో గీకుతాడు. "ఈ ఒక్క రోజే అవ్వా." పంపమ్మ గడియ తీస్తుంది. బడిలో ఏం చెప్పావని ఆమె అడగలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి ఉంటాడులే అనుకుంది. అడిగితే తలుపు తియ్యకూడని జవాబు వస్తుందేమోనని లోపల ఎక్కడో భయం. ఇంకొకటి కూడా ఉంది, అది ఆమె తనకు తాను కూడా చెప్పుకోని మాట. భర్త పోయి రాయచూరులో ఇల్లు వదిలేసి వచ్చాక, ఒకరు నిద్రలో, ఒకరు బస్సులో ఉండే ఈ ఇంట్లో, పగలంతా పక్కన ఒక మనిషి ఉండడం ఆమెకు హాయిగా ఉంది. ముద్ద కలిపి పెడితే తినే మనిషి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం వీధి తలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు.

సూగురేశ్ చెవిలో తీగ తీసి, కిటికీ తెర సందులోంచి చూశాడు. గబుక్కున తెర వదిలేశాడు.

"అవ్వా, నువ్వు బయటికి రాకు."

"ఎవర్రా?"

"మా మిస్. స్ఫూర్తి మిస్. నువ్వు రాకు అవ్వా, నీ కాళ్లు మొక్కుత."

"నేనొస్తే ఏమైతదిరా? నీకు జరమొచ్చిందని నేనే చెప్త గదా."

పిల్లవాడు నేల చూపులు చూశాడు. తలుపు మళ్లీ తట్టారు.

"జరమని చెప్పలే. నువ్వు... నువ్వు సచ్చిపోయినవని చెప్పిన."

పంపమ్మ చేతిలో రొట్టెముక్క అలాగే ఉంది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఆ క్షణంలో ఆమె ఆలోచించింది ఒక్కటే. పక్క గదిలో ప్రాణేశ్ లేస్తాడు, బెల్టు తీస్తాడు. లేచి, ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే బాత్రూంలోకి పోయి లోపల గడియ పెట్టుకుంది.

హాలుకూ బాత్రూంకూ మధ్య పలచటి గోడ. అన్నీ వినిపిస్తున్నాయి. టీచరుతో పాటు ఇద్దరు ఆడపిల్లలు వచ్చినట్టున్నారు. పిల్లవాడు గొంతు తగ్గించి, నాయిన ఏడ్చి ఏడ్చి ఇప్పుడే పడుకున్నాడని చెప్పాడు. లేపొద్దు లేపొద్దని టీచరు గుసగుసగా అంది.

"మీ నాన్నగారి మెసేజ్ చూడగానే నాకు చేతులు ఆడలేదు సూగురేశ్," అందామె. "క్లాసంతా లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించాం. పిల్లలు కొందరు ఏడ్చారు కూడా. నీకిష్టమైన మనిషి గురించి రాయమంటే నువ్వు మీ అజ్జి గురించే కదా రాశావు. నాకు బాగా గుర్తుంది. ఇప్పటికీ ఆమే అన్నం కలిపి తినిపిస్తుందని రాశావు."

టీచరు లేచినట్టుంది, కుర్చీ కిర్రుమంది.

"ఫోటో లేదా? పిల్లలు పూలు తెచ్చారు."

అడుగుల చప్పుడు. ఏదో గోడ మీదనుంచి తీసిన చప్పుడు. పంపమ్మ తిరగేసిన బకెట్టు మీద కూర్చుంది. కాసేపటికి మోకాళ్లు పట్టేస్తే లేచి నిలబడింది. కుళాయి బొట్టుబొట్టుగా కారుతుంటే ఆ చప్పుడుకు ఎవరైనా తలుపు తోస్తారేమోనని దాని కింద అరచెయ్యి పెట్టి నిలుచుంది. అరవయ్యారేళ్లు బతికి, ఎవరి సొమ్మూ ముట్టకుండా, ఎవరిచేతా మాట పడకుండా వచ్చిన మనిషి, తన ఇంట్లో తాను దొంగలా కుళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలుచుంది.

వాళ్లు వెళ్లాక బయటికి వచ్చి చూస్తే టీవీ ముందు ఆమె ఫోటో ఆనించి ఉంది. సూగురేశ్‌కు పేరు పెట్టిన రోజు తీసిన ఫోటో. ఒళ్లో గుడ్డల్లో చుట్టిన పసికందు వాడే. దాని ముందు బంతిపూలు, డజను అరటిపండ్లు, ఒక పండుకు గుచ్చిన ఊదుబత్తి. పొగ ఆమె ముఖం మీదుగా లేస్తోంది. పంపమ్మకు మొదట తోచింది, ఈ వాసనకు ప్రాణేశ్ లేస్తాడేమోనని. ఊదుబత్తి పీకి కుళాయి కింద పెట్టింది. ఫోటో మేకుకు తగిలించింది. పూలు కరివేపాకు కుండీలో మట్టి కింద పూడ్చింది.

అరటిపండ్లు ఎక్కడ దాచాలో తోచలేదు. సాయంత్రం సుమంగళ ఎవరు తెచ్చారని అడిగితే, "పక్కింటి నింగవ్వ ఇచ్చింది" అంది. ప్రాణేశ్ షిఫ్టుకు పోతూ రెండు పండ్లు తిన్నాడు. తన తల్లి చావుకు తెచ్చిన పండ్లని తెలియక, తియ్యగున్నాయని మరొకటి సంచిలో వేసుకున్నాడు. పంపమ్మ అటు చూడలేకపోయింది.

భయంతోనేమో, ఆ సోమవారం నుంచి సూగురేశ్ బడికి పోసాగాడు. దాక్కోవడం పంపమ్మ వంతయింది. సాయంత్రం నాలుగింటికి బస్టాపు దగ్గర సిమెంటు బల్ల మీద నింగవ్వతో కూర్చుని వచ్చేపోయే బస్సులు చూడడం ఆమెకు అలవాటు. బడి బస్సు ఆగేది అక్కడే. పోవడం మానేసింది. పూలు తెచ్చిన ఆడపిల్లలిద్దరూ వెనక లైనులోనే ఉంటారని తెలిసి పిండిమరకు పోవడం మానేసింది. పెరట్లో కరివేపాకు తెంపాలన్నా కొంగు ముఖం మీదికి లాక్కుని, అటూ ఇటూ చూసి తెంపేది.

"ఏందమ్మా, కనిపిస్తనే లేవు?" అని నింగవ్వ కిటికీలోంచి పలకరించింది.

"మోకాళ్లు గుంజుతున్నయక్కా."

ఇలా ఎన్నాళ్లు? పిల్లవాడు పది పాసై ఆ బడి వదిలేదాకా అంటే ఏడాదిన్నర. ఏడాదిన్నర చచ్చినట్టు ఉండగలనా అని ఆమె నిజంగానే ఆలోచించింది. అలా ఆలోచించినందుకు మళ్లీ తనమీద తనకే రోత పుట్టింది. పొరుగువాళ్ల గడప ముందు తల ఎత్తుకుని నడవడానికి చిన్నప్పటినుంచి ఎంత జాగ్రత్తపడింది! ఇజ్జత్ అనే మాట ఆమె నోట ప్రతి రోజూ వచ్చేది. ఇప్పుడు ఆ మాట అనడానికి నోరు రావడం లేదు.

రెండు రోజులు సూగురేశ్ అవ్వ ముఖం చూడలేదు. నీళ్లు కావాలా అని ఒకసారి అడిగాడు, అంతే. గురువారం సాయంత్రం ప్రాణేశ్ మధ్యాహ్నం షిఫ్టుకు పోయాడు. సుమంగళ ఇంకా రాలేదు. పిల్లవాడు వచ్చి చెయ్యి చాపాడు.

"అవ్వా, ఫోన్."

"వద్దు బిడ్డా. చేసింది సాలు."

"మ్యాచుంది అవ్వా. ముగ్గురు నాకోసం సూస్తున్నరు. నేను లేకుంటే ఓడిపోతరు."

"ఓడిపోనీ."

వాడు ఆమె దిండు తీసి చూశాడు. పరుపు ఎత్తాడు. ట్రంకుపెట్టె తెరిచి చీరలన్నీ నేల మీద పోశాడు. చెమటలు కారుతున్నాయి. ఆ ముఖం పంపమ్మ ఎన్నడూ చూసింది కాదు. ఆమె చెయ్యి పట్టుకుని ఆపబోతే విదిలించి కొట్టాడు.

"ఏడ పెట్టినవ్? సచ్చిపోయినదానికి నీకెందుకు ఫోను!"

ఆ మాట గదిలో పడ్డాక ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు. వాడి పెదవులు ఏదో అనబోయినట్టు విడివడ్డాయి. పంపమ్మ ఎదురుచూసింది. ఒక్క మాట అంటాడేమోనని ఎదురుచూసింది. వాడు వంటింట్లోకి పోయాడు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ఫోను బయటికి తీసి, అంటుకున్న గింజలు దులిపి, మంచమెక్కి కూర్చున్నాడు.

ఆమెను విరిచేసింది ఆ మాట కాదు. కోపంలో మాటలు వస్తాయి, పోతాయి. ఆ మాట అన్న తర్వాత కూడా వాడి కాళ్లు బియ్యం డబ్బా దాకా నడిచాయి. వాడు చెడ్డవాడై అలా చెయ్యలేదనీ, వాడి చేతిలో వాడు లేడనీ ఆమెకు ఆ పూట తెలిసింది. తలుపు తీసి, ముద్దలు పెట్టి, తాను కాపాడుతున్నది మనవణ్ని కాదనీ తెలిసింది.

మర్నాడు పదకొండింటికి ఇల్కల్ చీర కట్టుకుని బయల్దేరింది. కొడుకుకు చెప్పలేదు. చెబితే బెల్టు వస్తుంది. అబద్ధం ఎక్కడ మొదలైందో ముందు అక్కడే నిజం చెప్పాలనుకుంది. టౌన్‌షిప్పుకు అటు చివర బడి. ఎండలో ఆగి ఆగి నడిచి, గేటు దాటేసరికి సరిగ్గా ఇంటర్వెల్ గంట కొట్టారు.

అది ఆమె లెక్క వేసుకోలేదు. ఒక్కసారిగా మైదానమంతా పిల్లలు. నీళ్ల కుళాయిల దగ్గర ఇద్దరు ఆడపిల్లలు సీసాలు నింపుకుంటున్నారు. అందులో ఒకమ్మాయి తలెత్తి చూసింది. ఫోటోలో చూసిన ముఖం, అదే ముక్కుపుడక, నుదుట అదే పచ్చబొట్టు. చేతిలో సీసా జారిపోయింది. "అజ్జీ!" అని పెట్టిన కేకకు సగం మైదానం ఇటు తిరిగింది.

"ఎవరే?"

"సూగురేశ్ అజ్జి! సచ్చిపోయిన అజ్జి!"

ముందు ఎవరూ నవ్వలేదు. తర్వాత ఎవడో నవ్వాడు. ఆ నవ్వు గుంపులు గుంపులుగా పాకింది. పంపమ్మ తల వంచుకుని నడిచింది. మైదానం దాటడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకు తెలియదు. వరండా స్తంభం పక్కన సూగురేశ్ నిలబడి ఉన్నాడు. ఒక్క క్షణం ఇద్దరి చూపులూ కలిశాయి. వాడు వెనక్కి తిరిగాడు.

స్టాఫ్ రూంలో స్ఫూర్తి మిస్ టీ తాగుతోంది. చిన్నపిల్ల, ఇరవయ్యారో ఇరవయ్యేడో ఉంటాయి. గుమ్మంలో ముసలమ్మను చూసి మర్యాదగా లేచింది.

"నేను సూగురేశ్ అవ్వనమ్మా. పంపమ్మను," అంది.

టీచరు చేతిలో టీ కప్పు బల్ల మీద పెట్టేసింది.

"మా ఇంట్ల ఎవ్వరు పోలేదు. పిల్లగాడు అబద్ధమాడిండు. వాడొక్కడే కాదు, ఎనక తలుపు తీసింది నేను. ఫోనిచ్చింది నేను. మీరు పూలు తెచ్చిన నాడు బాత్రూంల నిలవడి మీ మాటలన్ని ఇన్న. మీరు అంత మంచిగ మాట్లాడుతుంటే కూడ నేను బయటికి రాలే. నన్ను మన్నించున్రి."

చేతులు జోడించబోతే టీచరు గబగబా వచ్చి ఆ చేతులు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. ఆమె ముఖం ఎర్రగా కందిపోయింది. తన ఫోను తీసి ఒక మెసేజ్ చూపించింది. పంపమ్మకు చదువు రాదు. టీచరే చదివింది. మా అమ్మగారు నిన్న కాలం చేశారు, పదకొండు రోజులు పిల్లవాడు రాడు, ఇట్లు ప్రాణేశ్. ప్రాణేశ్ నిద్రలో ఉండగా అతని ఫోనులోంచి సూగురేశే పంపి, తర్వాత తుడిచేశాడన్నమాట.

"దేనితో పోయిన్నంట?" అని పంపమ్మ మెల్లగా అడిగింది.

"గుండెపోటు అని కింద ఇంకో మెసేజ్‌లో ఉంది అమ్మా."

పంపమ్మ తల ఊపింది. వాడు రాసింది ఇంకెవరి సంగతో అయినట్టు విన్నది.

"తప్పు నాదీ ఉంది," అంది టీచరు. "ఒక్కసారి ఫోను చేసి మాట్లాడి ఉంటే తెలిసేది. బాధలో ఉన్నవాళ్లను ఇబ్బంది పెట్టడమెందుకు అనుకున్నాను. ఇప్పుడు క్లాసుకు ఏమని చెప్పాలి?"

అంతలో ప్యూన్ వచ్చి, తొమ్మిదో తరగతి సూగురేశ్ వెనక గోడ దూకి పారిపోయాడని చెప్పాడు.

పంపమ్మకు అప్పుడు అర్థమైంది తాను ఏం చేసిందో. నిజం చెప్పాలని వచ్చింది. నాలుగు వందల మంది పిల్లల మధ్య వాణ్ని నిలబెట్టి బట్టలిప్పినట్టు చేసింది. సాయంత్రం టీచరు ఇంటికి పోయి చెప్పొచ్చు, కబురు పెట్టి పిలిపించొచ్చు. అవేవీ తోచలేదు.

టీచరే ప్రాణేశ్‌కు ఫోను చేసింది. అతను బనియను మీద చొక్కా తొడుక్కుంటూ బండి మీద వచ్చాడు. బడి గేటు దగ్గరే పంపమ్మ అంతా చెప్పేసింది. తొమ్మిది రోజులూ, గుండెపోటూ, అరటిపండ్లూ, అన్నీ. చెబుతుంటే అతని దవడ బిగుసుకుంది.

"వీని తోలు తీస్త ఇయ్యాల."

"ముందు దొరకనీ," అంది తల్లి. "దొరికినాక ముందు నన్ను కొట్టు. తలుపు తీసింది నేను."

ఆమెను బండి వెనక కూర్చోబెట్టుకుని తిరిగాడు. బస్టాండు చూశారు. దేవసూగూరు గుడి చూశారు. నది ఒడ్డుకు పోయే దారిలో ప్రాణేశ్ బండి ఎంత వేగంగా నడిపాడంటే, అతని మనసులో ఏ భయముందో వెనక కూర్చున్న తల్లికి తెలిసిపోయింది. ఒడ్డున చేపలు పట్టేవాళ్లు ఏ పిల్లవాడూ రాలేదన్నారు. రెండు గంటల తర్వాత టౌన్‌షిప్పు చివర, మనుషులు ఖాళీ చేసి పోయిన పాత క్వార్టర్లలో ఒకదాంట్లో కనబడ్డాడు.

తలుపులు లేని గదిలో మోకాళ్లు ముడుచుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. చేతిలో ఫోను లేదు. కాని రెండు బొటనవేళ్లూ మోకాళ్ల మీద కదులుతున్నాయి. కుడి వేలు గబగబా నొక్కుతోంది, ఎడమ వేలు అటూ ఇటూ జారుతోంది. కళ్లు ఎదుటి గోడ మీద ఉన్నాయి. తన వేళ్లు కదులుతున్నాయని వాడికే తెలిసినట్టు లేదు.

ప్రాణేశ్ చెయ్యి ఎత్తి లోపలికి పోయినవాడు ఆ వేళ్లు చూసి ఆగిపోయాడు. ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉండి, దించాడు. కొడుకు పక్కన ఆ దుమ్ములో కూర్చున్నాడు.

"నేను పక్క అర్రల్నే పండుకున్న గదరా," అన్నాడు. "తొమ్మిది దినాలు నీ పక్కనే ఉన్న."

సూగురేశ్ అప్పుడు ఏడ్చాడు. ముక్కు కారుతూ, ఎక్కిళ్లు పెడుతూ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అవ్వ వైపు మాత్రం తల తిప్పలేదు.

సాయంత్రం సుమంగళ విని వంటింట్లో నేల మీద కూలబడింది. ఊళ్లోవాళ్లందరికీ జ్వరాలు చూసి, మందులు ఇచ్చి వచ్చే మనిషి. "నా కండ్ల ముందర ఉన్న పిల్లగానికి ఏమైతుందో నాకు తెల్వలే," అని చాలాసేపు అదే మాట అంది. తర్వాత లేచి ముఖం కడుక్కుని, ఇది కొట్టి మాన్పించేది కాదు, డాక్టరుకు చూపించాలి అని తేల్చి చెప్పింది.

రాయచూరులో మనసు జబ్బుల డాక్టరు ఒకాయన ఉన్నాడు. నెమ్మదైన మనిషి. పిల్లవాణ్ని చాలాసేపు విడిగా మాట్లాడించి, తర్వాత ముగ్గురినీ పిలిచాడు. పిల్లవాడికి ఫోను మొదట ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అని అడిగాడు. పాఠాల కోసమని సుమంగళ చెప్పబోయింది. ప్రాణేశ్ అడ్డం వచ్చాడు.

"నా నిద్ర కోసం సార్," అన్నాడు. "వాడు గమ్మున ఉంటడని."

అన్నం చేత్తో తినిపించడం మానెయ్యాలని డాక్టరు పంపమ్మకు చెప్పాడు. వాడి చేతులు వాడి తిండికి పనికి రావాలి అన్నాడు. సరేనంది. కాని ఇంటికొచ్చాక మొదటి వారం వాడు కంచం ముందు కూర్చుని, తినక, లేచి పోతుంటే ఆమె తన చెయ్యి తాను ఒళ్లో అదిమి పట్టుకోవాల్సి వచ్చేది.

ఆ నెల అంతా కష్టంగానే గడిచింది. వాడు ఒకరోజు కంచం విసిరాడు. ఒకరోజు తలుపుకు తల కొట్టుకున్నాడు. తన జట్టు తనను మరిచిపోయి ఉంటుందని ఏడ్చాడు. ప్రాణేశ్ రాత్రి షిఫ్టు వారాల్లో మూడింటికి బదులు ఒంటిగంటకే లేవడం మొదలుపెట్టాడు. మొదట తండ్రీకొడుకులకు ఏం మాట్లాడుకోవాలో తెలిసేది కాదు. ఎదురెదురుగా కూర్చుని టీవీ చూసేవాళ్లు. ఇంట్లో కుక్కరు కూత వినపడసాగింది.

బడిలో వాణ్ని తీసేద్దామన్నవాళ్లున్నారు. స్ఫూర్తి మిస్ పట్టుబట్టి ఉంచుకుంది. క్లాసు ముందు నిలబడి నిజం చెప్పమంది. వాడు నిలబడ్డాడు గాని గొంతు పెగల్లేదు. రెండు నిమిషాలు అలాగే నిలబడి వచ్చి కూర్చున్నాడు. పూలు తెచ్చిన అమ్మాయిలు చాలా రోజులు వాడితో మాట్లాడలేదు. అందులో ఒకమ్మాయికి నిరుడే తన సొంత అవ్వ పోయిందట. ఆ సంగతి టీచరు చెప్పినప్పుడు పంపమ్మకు మళ్లీ తల కొట్టేసినట్టయింది.

పంపమ్మ బస్టాపు బల్ల మీద కూర్చోవడం మళ్లీ మొదలుపెట్టింది. బడి బస్సులోంచి పిల్లలు "దెవ్వద అజ్జీ!" అని అరిచేవాళ్లు, దయ్యపు అవ్వా అని. చెవులు వేడెక్కేవి. అయినా లేచిపోలేదు. ఒకసారి దాక్కున్నది చాలనుకుంది.

సూగురేశ్ ఆమెను క్షమించమని అడగలేదు. అడుగుతాడని చాలా రోజులు చూసి, ఆమె కూడా చూడడం మానేసింది. పలకరిస్తే పలుకుతాడు. ఎదుటపడితే పక్కకు తప్పుకుంటాడు. సిగ్గు ఇద్దరి మధ్యా ఒక సామాను మాదిరి పడి ఉంది. దాన్ని తొలగించే ఓపిక ఎవరికీ లేదు.

మార్చిలో ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి, సంచి కూడా దించకుండా ఆమె గది గుమ్మంలో నిలబడ్డాడు.

"అవ్వా, ఇయ్యాల ఆడిన."

పంపమ్మ చేతిలో చింతపండు చాట పక్కన పెట్టింది. "ఎవరి ఫోన్ల?"

"దోస్తుది. పాత క్వార్టర్ల."

"ఎంతసేపు?"

"రెండు గంటలు. ఆఖరి రెండు పీరియడ్లు ఎగ్గొట్టిన." వాడి మెడ ఎర్రబడింది. చూపు నేల మీదే ఉంది. "ఎవ్వరు సూడలే. చెప్పకుంటే మీకు తెల్వకపోవు."

ఆమె చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. నాలుగు నెలల పాట్లు నీళ్లపాలయ్యాయనుకుంది. తర్వాత, వాడు చివర అన్న మాట మెల్లగా చెవికెక్కింది. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు.

"మీ అమ్మకు చెప్తవా?"

"నువ్వు చెప్పు అవ్వా."

"నేను చెప్ప. ఇగ నీ తరఫున ఏది చెప్ప, ఏది దాప." ఆమె కొంగు దులుపుకుని లేచింది. "పక్కన నిలవడుమంటే నిలవడత."

వాడు సంచి దించి, తల ఊపాడు. ఆరున్నరకు సుమంగళ బస్సు దిగి వస్తుంటే ఇద్దరూ గేటు దగ్గర నిలబడ్డారు. వాడు చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయి, మళ్లీ మొదటినుంచి చెప్పాడు. సుమంగళ చేతిలోని టిఫిన్ డబ్బా కింద పెట్టి, ఆ మాటలు అయిపోయేదాకా వింది. పంపమ్మ వాడి పక్కనే, తానూ తల వంచుకుని నిలుచుంది.